నీళ్లు తాగిన పడవ

మొన్నటి వానకి ఏం జరిగిందో మీకు వీడియో వచ్చే ఉంటుంది. రాకపోతే సంతోషం, ఎవర్నీ అడక్కండి. చూసినవాళ్లకి మాత్రం ఒక మాట. అందులో నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, మురికినీళ్లలో నిలబడి, చేతిలో తెడ్డు పట్టుకుని ఎవర్నో నోటికొచ్చినట్టు తిడుతోందే, ఆవిడ నేనే. తిట్టింది ఎవర్నో కాదు, నన్నే. వీడియోలో అది తెలీదు.

మీరు టీ తాగుతూ ఉండండి, మొదట్నుంచీ చెప్తాను.

మా లేఅవుట్ మీకు తెలుసుగా, బ్రూక్‌ఫీల్డ్ దాటి లోపలికెళ్లాలి. నలభై రెండు ఇళ్లు. కొన్నప్పుడు బిల్డర్ 'లేక్ వ్యూ' అన్నాడు. డాబా ఎక్కి ఎంత వెతికినా లేక్ కనిపించలేదు. మొదటి పెద్ద వానకి అర్థమైంది, లేక్‌లోనే నిలబడి లేక్ కోసం వెతుకుతున్నామని! వెనకాల పెద్ద కాలువ ఉంది. అది పొంగిందంటే నీళ్లకి మా రోడ్డే దారి.

పోయినేడు రెండు రోజులు నడుంలోతు నీళ్లు. కార్లన్నీ పోయాయి. మేమంతా ట్రాక్టర్ ట్రాలీల్లో బయటపడ్డాం. సరే, మనకేం, ఎక్కాం, దిగాం, సెల్ఫీ కూడా తీసుకున్నాం. కానీ మా పక్కింట్లో రామ్మూర్తి మాస్టారు ఉన్నారు. హిందూపురం వైపు మనిషి, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కిడ్నీలు రెండూ పనిచెయ్యవు. మంగళ, గురు, శని డయాలసిస్. ఒక్కటి తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం వచ్చేస్తుంది. ఆ రోజు ట్రాక్టర్ కోసం మూడు గంటలు మెట్ల మీద కూర్చున్నారు. చివరికి వచ్చిన ట్రాలీలో అంతకుముందు ఏం మోశారో గానీ ఒకటే పేడ కంపు. తెల్లచొక్కా మనిషిని నలుగురు కలిసి బస్తాని ఎత్తినట్టు ఎత్తి పడేశారు. ఆయన తల దించుకున్నారు. వాళ్లావిడ సరస్వతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "వచ్చే వానకన్నా ఏదైనా దోవ చూడు తల్లీ" అన్నారు.

నేను అసోసియేషన్ సెక్రటరీని కదా. ఉప్పొంగిపోయాను. మీటింగులో లేచి, "మనకో బోటు కావాలి!" అన్నాను.

అందరూ చప్పట్లు. ఒక్క నాగేంద్ర తప్ప. పదిహేడో నంబరు ఇంట్లో ఉంటాడు, అతనిదీ నాలాగే సాఫ్ట్‌వేరే, ఊరు కడప. "పద్మజ గారూ, బోటెందుకండీ, ముందు ఆ కాలువ పూడిక తీయిద్దాం. అర్జెంటుకి ట్రాక్టరాయనతో మాట్లాడి పెట్టుకుందాం" అన్నాడు. మీటింగులో ఇలాంటివాడు ఒకడుంటాడు చూడండి, సరైన మాట చెప్పి అందరి మూడ్ పాడుచేసేవాడు. ఓటింగు పెట్టాం. ముప్పై ఒక్కమంది బోటుకి. నాగేంద్ర ఓడిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం కూడా చేశాను.

కొత్త బోటు మన వల్ల కాదు. సెకండ్‌హ్యాండ్ కోసం నెల రోజులు ఫోన్లో వెతికాను. యలహంక అవతల ఒకతను దొరికాడు, పేరు లోకేష్. ఎక్కడో చెరువులో బోటింగ్ నడిపేవాడట. చెరువు ఎండగట్టి పూడిక తీస్తున్నారని కాంట్రాక్ట్ అయిపోయింది, పడవలు అమ్మేస్తున్నాడు. నేనూ మా ఆయన మురళీ వెళ్లాం. షెడ్డులో రేకుల కింద నీలం రంగు పడవ. ఫైబర్ బాడీ, ఆరుగురు కూర్చోవచ్చు, వెనక పలకకి చిన్న మోటారు. తళతళలాడుతోంది! ఎంత తళతళంటే, చెయ్యి వేస్తే వేళ్లకి కొంచెం నీలం అంటింది.

"మొన్ననే పెయింట్ కొట్టిస్తిని అక్కా, మీకోసరం" అన్నాడు లోకేష్.

నాకోసం! నేను ఫోన్ చేసింది నిన్న.

మీకు తెలుసు, నేను పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, తప్పులు పట్టడమే నా పని. వైట్‌ఫీల్డ్‌లో నా పేరు చెప్తే డెవలపర్లు భయపడతారు. ఊరికే వెళ్తానా? నెట్‌లో చదివి ఇరవై రెండు పాయింట్ల చెక్‌లిస్టు ప్రింట్ తీసుకెళ్లాను. లైఫ్ జాకెట్లు, టిక్. తెడ్లు, టిక్. మోటారుని డ్రమ్ములో నీళ్లు పోసి ముంచి స్టార్ట్ చేయించాను. ఒక్క లాగుకి స్టార్టయింది. టిక్, పక్కన స్టార్ కూడా. అసలు ఆ మోటారుకి ఈరోజుకీ నేను వంక పెట్టను. దాన్ని పట్టుకున్న పలక సంగతే నా ఇరవై రెండులో లేదు.

లోపలికెక్కి నడిచాను. మధ్యలో కాళ్ల కింద మెత్తగా, స్ప్రింగులా ఊగింది.

"ఇదేంటి, ఇలా దిగుతోంది?"

"కంఫర్ట్ అక్కా. గట్టిగా ఉంటే కాళ్లు నొప్పి పుడతాయి."

నేను రాసుకున్నాను. నిజంగా! 'ఫ్లోర్ కంఫర్టబుల్' అని నా చేతిరాతతో ఇప్పటికీ ఉంది. కొత్త ఆకుపచ్చ మ్యాట్ పరిచాడు. దాని అంచు లేపితే వానాకాలంలో ఆరని జీన్స్ ప్యాంటు వాసన గుప్పుమంది. పాత వస్తువు కదా, వాసన రాక ఏమొస్తుంది అనుకున్నాను. మురళి అడిగాడు, "ఒకసారి నీళ్లలో దింపి చూద్దామా?" అని. లోకేష్ నవ్వాడు. "నీళ్లెక్కడున్నాయి సార్, చెరువే లేదు కదా!" నేనూ నవ్వాను. మురళి ఒక్కడే నవ్వలేదు.

పక్క షెడ్డులో ఒక పెద్దాయన తలుపుచెక్క చిత్రిక పడుతున్నాడు. నారాయణప్ప అని వడ్రంగి. చాలాసేపు మమ్మల్ని చూసి చూసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచొచ్చాడు. పడవ ముందు భాగం మీద పిడితో కొట్టాడు. టంగ్ టంగ్. వెనక్కెళ్లి మోటారు పక్కన కొట్టాడు. దబ్ దబ్.

"వినపడెనా అక్కా? ముందర గంట మాదిరి మోగతా ఉండాది. వెనక గుమ్మడికాయ మాదిరి ఉండాది. పైన ఫైబరు, లోపల చెక్క. మరమేకులు కొట్టిన తూట్లలోంచి నీళ్లు పోయి చెక్క తాగేసుండాది."

లోకేష్ ముఖం మాడిపోయింది. "నీ పని నువ్వు చూసుకోప్పా!"

నారాయణప్ప మురళి వైపు తిరిగాడు. "ఒక్క మర ఊడదీసి చూపిస్తా చూడప్పా. ఎండు పొట్టొస్తే నాదే తప్పు. తడి పొట్టొస్తే కొనొద్దు. ఒక్క నిమిషం పని."

ఒక్క నిమిషం. నేనేమన్నానో తెలుసా? "వద్దండీ, పెయింట్ పోతుంది" అన్నాను.

పెయింట్ పోతుందట! ఇంకోడి పెయింట్! పైగా కార్లో మురళికి క్లాసు కూడా పీకాను. "వీళ్లింతే. వంకలు పెట్టి, రిపేరు తనకే ఇవ్వమంటాడు. కమిషన్ ట్రిక్." మురళి, "ఆయన మనల్ని ఏమీ అడగలేదు కదే" అన్నాడు. నేను ఏసీ పెంచాను.

పడవ మా లేఅవుట్‌కి వచ్చిన రోజు పండగే. నలుగురు ఎత్తితే చాలన్నాడు లోకేష్. నలుగురికి కదల్లేదు. ఎనిమిదిమంది పట్టారు. నాగేంద్ర చెమట తుడుచుకుంటూ, "ఇంత బరువేంటండీ?" అన్నాడు. "స్ట్రాంగ్ మెటీరియల్" అన్నాను గర్వంగా. అది మెటీరియల్ కాదు, పాత చెరువు నీళ్లు. యలహంక నుంచి బ్రూక్‌ఫీల్డ్ దాకా లారీలో నీళ్లు తోలించుకున్నానన్నమాట, చెక్కలో నింపి.

ఇక మొన్నటి గురువారం. బుధవారమంతా వాన. తెల్లారేసరికి రోడ్డు లేదు, నీళ్లే. నిజం చెప్పనా? నాకు లోపల్లోపల సంతోషమేసింది! గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను, "డోంట్ వర్రీ, బోట్ ఈజ్ రెడీ" అని, కింద మూడు పడవ బొమ్మలు.

మాస్టారికి ఎనిమిదిన్నరకి డయాలసిస్. ఏడింటికి నాగేంద్ర ప్యాంటు మడుచుకుని మా గుమ్మం దాకా నీళ్లలో నడిచొచ్చాడు. "పద్మజ గారూ, గేటు దగ్గర ట్రాక్టర్ రెడీగా ఉంది. ఈసారి ట్రాలీ కడిగించి కుర్చీ కూడా వేయించాను. మాస్టార్ని అందులో పంపిద్దాం."

"ఆయన్ని మళ్లీ బస్తాలా ఎక్కిస్తారా? ఏం అవసరం లేదు. బోటుంది" అన్నాను.

అతను "మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా మీద లైఫ్ జాకెట్ కట్టుకుని, రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్ల మీదికొచ్చారు. పడవని చూశారు. నన్ను చూశారు. "ఏమ్మా పద్మజా, అంతా చెక్ చేసినావు కదా?"

"చేశాను మాస్టారూ. ఇరవై రెండు పాయింట్లు."

"అయితే సరే." ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఎక్కి కూర్చున్నారు.

నేను వెనక మోటారు దగ్గర. మురళీ, సెక్యూరిటీ అతనూ చెరోవైపు నీళ్లలో నడుస్తూ తోస్తున్నారు. బాల్కనీల్లో జనం. చప్పట్లు, ఈలలు! సరస్వతమ్మ గారు గుమ్మంలోంచి చెయ్యి ఊపారు. మాస్టారు కూడా నవ్వుతూ ఊపారు. ఆ రెండు నిమిషాలూ బాగున్నాయి. వాటికి మాత్రం ఎవరూ వీడియో తియ్యలేదు.

మూల తిరిగాం. అక్కడ కాలువ నుంచి వచ్చే నీళ్లు నడుంలోతుగా, జోరుగా ఉన్నాయి. పడవ ఆగిపోయింది. మురళి, "ఆగు, ఇంకో ఇద్దర్ని పిలుద్దాం" అన్నాడు. నేను, "మోటారుందిగా!" అని తాడు లాగాను. ఒక్క లాగుకి స్టార్ట్! స్పీడ్ పెంచాను. ముక్కు పైకి లేచింది. జనం "హో!" అన్నారు.

అప్పుడొక శబ్దం వచ్చింది. విరిగిన శబ్దం కూడా కాదు. విరగడానికి గట్టిగా ఉండాలి కదా. తడిసిన అట్టపెట్టె చింపితే వస్తుందే, అది. మోటారు నా ముందే నెమ్మదిగా వెనక్కి వాలింది. దాంతోపాటు వెనక పలకంతా వాలింది. రెండూ కలిసి నీళ్లలోకి దిగిపోయాయి. గుడగుడా రెండు బుడగలు. అంతే. పడవకి వెనకవైపు లేదు! అంతా తలుపు తీసిన ఇల్లే!

మునగలేదు. మునిగేంత లోతు ఎక్కడుంది? మెల్లగా కింద కూర్చుంది. నీళ్లు మాత్రం లోపలికి వచ్చేశాయి. నేను లేచి నిలబడ్డాను. మాస్టారు లేవలేకపోయారు. ఛాతీ దాకా నీళ్లలో అలాగే కూర్చుండిపోయారు. ఎడమచెయ్యి మాత్రం నిటారుగా పైకెత్తారు. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. దానికి మురికినీళ్లు తగలకూడదు. ఆయనకి ఆ జ్ఞానం ఉంది. క్లాసులో డౌటొచ్చిన పిల్లాడిలా చెయ్యెత్తి, నా వైపు చూస్తూ కూర్చున్నారు.

వీడియో మొదలయ్యేది అక్కణ్నుంచే. దానికి ఎవడో, 'టీచర్, మే ఐ గో అవుట్' అని పెట్టాడు. నవ్వొచ్చిందా? రాకుండా ఉంటుందా. నాకు చూపించినవాళ్లంతా ముందు వాళ్లు నవ్వి, తర్వాత నా ముఖం చూసి ఆపేశారు.

నాగేంద్ర పరిగెత్తుకొచ్చాడు. నడుంలోతు నీళ్లలో ఎంత పరిగెత్తగలిగితే అంత. మాస్టార్ని వీపు మీద ఎక్కించుకున్నాడు. 'నేను చెప్పలేదూ' అంటాడని ఎదురుచూశాను. అనలేదు. అసలు నా వైపే చూడలేదు. అనుంటే బాగుండేది.

ఆస్పత్రికి చేరేసరికి టైమ్ దాటిపోయి, ఆ మెషీన్ ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా ఖాళీ దొరకలేదు. ఈలోపు ఆయనకి ఆయాసం, పైగా చలిజ్వరం. మూడు రోజులు అడ్మిట్ చేశారు. నేను తడిబట్టలతోనే కారిడార్లో కూర్చున్నాను. సరస్వతమ్మ గారు బయటికొచ్చి, "నువ్వు ఇంటికి పో" అన్నారు. 'తల్లీ' అనలేదు.

ఆయన కోలుకుంటున్నారని తెలిశాక నా బాధంతా కోపమైంది. లోకేష్ మీద. పగిలిన పలక ఫోటోలు తీసుకుని యలహంక వెళ్లాను. "లోపలంతా కుళ్లిపోయింది! నీళ్లు పట్టిన పడవ అంటగడతావా?" అని అరిచాను.

అతను నిదానంగా, "అక్కా, పడవంటే నీళ్లలో ఉండేది కదా. దానికి నీళ్లు తగిల్నాయని కంప్లైంటా?" అన్నాడు.

ఏమనాలి? మీరు చెప్పండి, ఏమనాలి? పదహారేళ్లలో ఏ డెవలపరూ నాకింత మంచి సమాధానం చెప్పలేదు. చూసి, నడిచి, ఒప్పుకుని తీసుకున్నట్టు కొన్నరోజు అతనిచ్చిన కాగితం మీద నా సంతకమే ఉంది, చదవకుండా పెట్టింది.

నారాయణప్పని బతిమాలి మా లేఅవుట్‌కి తీసుకొచ్చాను. క్లబ్‌హౌస్ పక్కన పడేసిన పడవలో మ్యాట్ తీసి, ఫ్లోర్ కోశాడు. చెయ్యి పెట్టి లోపల్నుంచి ఇంత ముద్ద తీశాడు. ప్లైవుడ్ అట అది. టీలో ఎక్కువసేపు ముంచిన రస్కులా వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. దాని కింద థర్మాకోల్‌లాంటి ఫోమ్, పిండితే నీళ్లు కారాయి. "ఇది నిన్నటి తడి కాదక్కా, ఏండ్ల తడి. ఆరబెట్టేదానికి లేదు. అంతా పీకి కొత్త చెక్క వెయ్యాల. దానికన్నా వేరే పడవే మేలు" అన్నాడు. రానూపోనూ ఆటో డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. కమిషన్ ట్రిక్ మనిషి!

మాస్టారు ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. ఏం చెప్పాలో మెట్లెక్కుతూ రెండుసార్లు అనుకున్నాను. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. "డామేజీ అంతా లోపల దాక్కుని ఉంది మాస్టారూ. పైకి ఏమీ తెలియలేదు" అన్నాను.

ఆయన పేపరు మడిచారు. "ఆ వడ్రంగాయన కొట్టి చూపించినాడంట కదమ్మా? మురళి చెప్పినాడు."

"చూపించాడు."

"మర ఊడదీస్తానన్నాడంట?"

"అన్నాడు."

"మరి దాక్కునింది యాడ?"

కోపంగా అనలేదు. బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్లని అడిగినట్టు అడిగారు.   సరస్వతమ్మ గారు కాఫీ తెచ్చారు. ఒకటే గ్లాసు. ఆయనకి.

తర్వాత మీటింగు పెట్టారు. కాలువ పూడిక పని నాగేంద్రకి అప్పగించారు. సెక్రటరీ పని కూడా అతనికే. పడవ సంగతి ఏం చెయ్యాలని చర్చ వచ్చింది. స్క్రాప్ వాడు వద్దన్నాడు, ఫైబర్ ఎవరూ కొనరట. చివరికి తీర్మానం చేశారు: 'సదరు పడవ శ్రీమతి పద్మజ గారి సొంత బాధ్యత.' నలభై ఒక్క చేతులు లేచాయి. అందులో మా ఇంటి చెయ్యి కూడా ఉంది, మురళిది!

అది ఇంకా క్లబ్‌హౌస్ పక్కనే ఉంది. ముక్కు కిందకి, వెనక పైకి. రోజూ వాన. ముందు భాగంలో నీళ్లు నిండాయి. మనుషుల్ని మోసినప్పుడు ఒక్క నిమిషం ఆపలేకపోయింది గానీ, ఇప్పుడు చుక్క కారనివ్వదు!

నిన్న డెంగ్యూ సర్వేకని హెల్త్ ఆవిడ వచ్చింది. తరాలుగా ఈ కన్నడ ఊళ్లోనే ఉంటున్న తెలుగావిడే. పడవలోకి తొంగి చూసి నన్ను పిలిపించింది. నీళ్ల నిండా దోమపిల్లలు, గిలగిలా ఈదుతున్నాయి. ఆవిడ రిజిస్టర్ తీసింది.

"ఇది దేంట్లో రాయాల అక్కా? టైర్లు, డ్రమ్ములు, పూలకుండీలు, పనికిరాని పాత్రలు. ఇంతే ఉండాయి."

"అది పడవండీ" అన్నాను.

ఆవిడ పడవ చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. వెనకవైపు లేకపోవడం చూసింది. "పనికిరాని పాత్రలో ఏస్తా ఉండా. ఎవురిది?"

"నాదే."

"పేరు?"

"పద్మజ."

రాసుకుని, తప్పులేమీ లేకుండా ఉండాలని పైకి చదివింది. "పనికిరాని పాత్ర, పద్మజ. కరెక్టే కదక్కా?"

కరెక్టేనమ్మా అని సంతకం పెట్టాను. ఈసారి మాత్రం చదివి, అర్థం చేసుకుని, ఒప్పుకునే పెట్టాను.